‘మెంటల్లీ’ అంటే ప్రతిచోటా ‘మానసికంగా’ కాదు

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే పిల్లలు ఇంగ్లిషు వాక్యంలో ‘మెంటల్లీ’ కనబడితే చాలు, తెలుగులో ‘మానసికంగా’ అని రాసేస్తారు. ఒడియాలో ‘మానసిక భాబొరే’ ఉంది కాబట్టి కలం అటే పోతుంది. ‘ఐ యామ్ మెంటల్లీ టయర్డ్’ లాంటి చోట అది సరే. ‘షి మెంటల్లీ యాడెడ్ ద ప్రైసెస్’ దగ్గర మాత్రం కుదరదు. ‘ఆమె మానసికంగా ధరలు కూడింది’ అని ఏ తెలుగువాళ్లూ అనరు. మనసులోనే కూడుకుంది, అంతే.

ఈ మాటకు రెండు పనులున్నాయి. ఒకటి మనసు ఎలా ఉందో చెప్పడం. రెండోది కాగితం, నోరు కదలకుండా లోపలే చేసిన పని చెప్పడం: లెక్క కట్టడం, గుర్తు పెట్టుకోవడం, మాటలు కూర్చుకోవడం. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒడియా వచ్చినవాళ్లకు మంచి కిటుకుంది. ఆ చోట ఒడియాలో ‘మొనే మొనే’ (మనసులోనే) అనగలిగితే తెలుగులో ‘మనసులో’ రాయాలి, అనలేకపోతే ‘మానసికంగా’. 4,800 రూపాయల పట్టుచీరకు 15 శాతం తగ్గింపంటే, పదిశాతం 480, అందులో సగం 240, మొత్తం 720 అని దుకాణంలో నిలబడే తేల్చుకోవడం మొనే మొనే పని. (మనం దాన్నే నోటిలెక్క అంటాం, నోరు మెదపకపోయినా!)

తప్పులు ఎక్కువగా ఇంగ్లిషు వాక్యంలో ‘మెంటల్లీ’ని పెట్టే చోటు దగ్గర వస్తాయి. క్రియకూ దాని కర్మకూ మధ్య ఇరికించకూడదు. ‘షి యాడెడ్ మెంటల్లీ ద ప్రైసెస్’ తప్పు. క్రియకు ముందో, వాక్యం చివరో పెట్టాలి. ‘యామ్, ఈజ్, వాజ్’ ఉంటే వాటి తర్వాత, విశేషణానికి ముందు. ‘ఐ యామ్ మెంటల్ ప్రిపేర్డ్’ అన్నది కూడా తరచూ వినబడుతుంది. విశేషణాన్ని వర్ణించేది క్రియావిశేషణమే కాబట్టి అక్కడ ‘మెంటల్లీ’ ఉండి తీరాలి. ‘మెంటల్లీ హ్యాపీ’, ‘మెంటల్లీ శాడ్’ అనడం దండగ. సంతోషం, బాధ మనసుకు కాక ఇంకెక్కడ? శరీరంతో పోల్చి చెప్పాల్సిన అలసట, బలం, సిద్ధపడటం వంటివాటికే అది అవసరం.

స్పెల్లింగులో రెండు ‘ఎల్’లు ఉంటాయి, ‘మెంటల్’ది ఒకటి, ‘లీ’ది ఒకటి. పలికేటప్పుడు మాత్రం ఒకటే, ‘మెంటలి’. ఊనిక మొదటి అక్షరం మీద.

దరఖాస్తుల్లో, సర్టిఫికెట్లలో పాతకాలపు ‘మెంటల్లీ రిటార్డెడ్’ రాయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం దాని బదులు ‘ఇంటలెక్చువల్ డిజబిలిటీ’ (మేధో వైకల్యం) అంటోంది. అది మానసిక జబ్బు కాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం విడిగా చెప్పింది కూడా. జబ్బున్నవారి గురించైతే ‘పర్సన్ విత్ మెంటల్ ఇల్‌నెస్’ అని రాయాలి. ఉత్త ‘మెంటల్’ మన వీధుల్లో తిట్టు. ఇంగ్లండులోనూ వాడుకభాషలో దాదాపు అదే అర్థం.