బోల్టన్ పొగగొట్టాలూ, మా ఇంటి మగ్గమూ

బ్రిటన్ పరిశ్రమల చరిత్ర మీదా, ఆ పరిశ్రమల్లో బతికిన జనం మీదా వచ్చిన టెలివిజన్ కార్యక్రమాలను నేను కొన్నేళ్లుగా వెతికి వెతికి చూస్తున్నాను. చీరాల దగ్గర ఒక చేనేత కుటుంబంలో పుట్టినందువల్ల "సీమ నూలు", అంటే ఇంగ్లండు మిల్లుల నూలు, అన్న మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ నూలు వడికిన ఊళ్లు ఎలా ఉండేవో, ఆ మిల్లుల్లో పొద్దస్తమానం నిలబడి పనిచేసినవాళ్లు ఏం తిని ఎక్కడ పడుకునేవారో మాత్రం ఈ కార్యక్రమాలు చూసేదాకా తెలియలేదు. వీటిలో ఎన్ని చూసినా నా మనసు మొదట పోయేది ఫ్రెడ్ డిబ్నా దగ్గరికే.

డిబ్నా 1938లో ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో, బోల్టన్ అనే ఊళ్లో పుట్టారు. మొదట నేర్చుకున్నది వడ్రంగం. జీవితాన్ని ధారపోసింది మాత్రం ఫ్యాక్టరీ పొగగొట్టాలెక్కి మరమ్మతులు చేసే పనికి. బోల్టన్ టౌన్ హాల్ గడియారపు గోపురం మీద పనిచేస్తుండగా బీబీసీ వార్తల వాళ్లు ఆయనను మాట్లాడించారు. ఆ తర్వాత డాన్ హావర్త్ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ 1979లో ప్రసారమై, బ్రిటన్‌లో సినిమాలకూ టీవీ కార్యక్రమాలకూ ఇచ్చే బాఫ్టా పురస్కారం అందుకుంది.

అందులో నిచ్చెన కట్టే తీరును నేను పదిసార్లయినా చూసి ఉంటాను. ఇటుకలో సుత్తితోనూ ఉలితోనూ రంధ్రం తొలిచి, అందులో చెక్క బిరడా దిగగొట్టి, ఆ చెక్కలోకి ఇనుప కొక్కెం కొట్టి, కొక్కేనికి నిచ్చెనను తాడుతో బిగించి, ఆ నిచ్చెన పైమెట్టు దాకా ఎక్కి, అక్కడ మళ్లీ రంధ్రం తొలవడం మొదలుపెడతారు. తలమీద హెల్మెట్ లేదు, బట్ట టోపీ ఒక్కటే. కెమెరా తొందరపడదు, పని ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆయన చేతుల మీదే నిలిచి ఉంటుంది. చరిత్ర కార్యక్రమానికి ఉండవలసిన ఓపిక అదేనని నా అభిప్రాయం.

బోల్టన్ వాసి శామ్యూల్ క్రాంప్టన్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రాన్ని 1779లో తయారు చేశాడు. లాంకషైర్ నూలు పరిశ్రమను అంత ఎత్తుకు తీసుకుపోయిన యంత్రాలలో అది ముఖ్యమైనది. సరిగ్గా 200 ఏళ్లకు అదే ఊరి మనిషి మిల్లుల పొగగొట్టాలను కూలగొడుతూ టెలివిజన్‌లో కనిపించాడు. డిబ్నా ఈ వృత్తిలో కుదురుకునేసరికి మిల్లులు వరుసగా మూతపడుతున్నాయి, మరమ్మతు పని తగ్గి కూల్చివేత పని పెరిగింది. ఆయన దాదాపు 90 పొగగొట్టాలను నేలకు దించారు. మందుగుండు వాడకుండా, పడవలసిన వైపు అడుగున ఇటుకలు తీసి, తీసినచోట కర్ర దిమ్మలు ఆనించి, వాటి చుట్టూ కట్టెలు పేర్చి నిప్పు పెట్టేవారు. దిమ్మలు కాలి బరువు ఆపలేని స్థితికి రాగానే వెనుకవైపు ఇటుకల వరుస పగులు విచ్చుకునేది, అంతెత్తు కట్టడం ఒక పక్కకు ఒరిగి ఒరిగి నేలను తాకేది. ఆ వెంటనే ఆయన ముఖంలో చిన్నపిల్లవాడి సంతోషం కనిపిస్తుంది. అయితే ఆ గొట్టాన్ని కట్టిన తాపీవాళ్లను ఆయన మెచ్చుకున్నంతగా మరెవరూ మెచ్చుకోగా నేను వినలేదు.

1999 నుంచి బీబీసీలో వచ్చిన ధారావాహికల్లో ఆయనే దేశమంతా తిరిగి ఆవిరి యంత్రాల గురించీ, గనుల గురించీ, పాత కట్టడాల గురించీ వివరించారు. బోల్టన్‌లోని తన పెరటిలో ఆవిరితో నడిచే పనిశాలను ఆయనే కట్టుకున్నారు కాబట్టి, యంత్రం ముందు నిలబడి చెప్పే ప్రతి మాట వెనుకా చేత్తో చేసిన అనుభవం ఉంది. 2004 నవంబరులో ఆయన చనిపోయినప్పుడు శవపేటికను ఆయన సొంత ఆవిరి బండే ఊరి వీధుల గుండా లాగుకుపోయింది. ఈ మధ్య వచ్చిన కొన్ని కార్యక్రమాల్లో వ్యాఖ్యాత నడుస్తూ మాట్లాడుతూనే ఉంటాడు, యంత్రం తిరగడం మొదలయ్యే క్షణానికి సంగీతం దాని చప్పుడును మింగేస్తుంది. నాకది బాధ కలిగిస్తుంది. 2009 నాటి "విక్టోరియన్ ఫార్మ్"లో ముగ్గురు మనుషులు ష్రాప్‌షైర్‌లో ఏడాది పాటు పాత పద్ధతుల్లో సేద్యం చేసి చూపించారు. ఆ ఓపిక నాకు అక్కడ మళ్లీ కనిపించింది.

పనివాళ్ల బతుకు విషయానికి వస్తే, ఛానల్ 4 2013లో ప్రసారం చేసిన "ది మిల్" నాటకమే అయినా నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది. చెషైర్‌లోని స్టయల్ గ్రామంలో శామ్యూల్ గ్రెగ్ 1784లో కట్టించిన క్వారీ బ్యాంక్ మిల్లు దస్తావేజుల ఆధారంగా దాన్ని రాశారు. అనాథాశ్రయాల నుంచి తెచ్చిన పిల్లలు మిల్లు పక్కనే ఒక ఇంట్లో ఉండి పనిచేసేవారు. తెగిన పోగులను అతకడం, తిరుగుతున్న యంత్రం కిందకు దూరి రాలిన దూదిని ఏరడం చిన్నపిల్లల పని. మా ఇంట్లో నేనూ కండెలు చుట్టాను, తెగిన పోగులు అతికాను, కానీ అలసిపోతే అమ్మ లేచి వెళ్లమనేది. ఆ పిల్లలను లేచి వెళ్లమనేవారు లేరు. జౌళి మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లలను పెట్టుకోరాదని 1833లో చట్టం వచ్చింది. తొమ్మిది నుంచి పదమూడేళ్ల లోపు వారికి వారానికి 48 గంటల పరిమితి విధించింది. బ్రిటన్ వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టమూ ఆ ఏడాదిదే. నష్టపరిహారంగా కేటాయించిన రెండు కోట్ల పౌండ్లు బానిసలకు కాక యజమానులకు చేరాయన్న సంగతిని చరిత్రకారుడు డేవిడ్ ఒలుసోగా 2015లో బీబీసీలో చేసిన కార్యక్రమాలు లెక్కలతో చూపించాయి. గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికాలో బానిసలతో పనిచేయించిన తోట ఉండేది. మిల్లు కథ మిల్లు గోడల దగ్గర ఆగకూడదు.

ఈ చోటే నాకొక కొరత కనిపిస్తుంది. లాంకషైర్ బట్ట వచ్చిపడ్డాక మన నేతగాళ్లకు ఏమయిందన్నది నేను చూసిన కార్యక్రమాల్లో ఒక వాక్యంలో వచ్చి ఒక వాక్యంలో పోతుంది. ఒకప్పుడు మచిలీపట్నం అద్దకపు బట్టను ఓడలకెత్తుకుపోయిన దేశమే తర్వాత తన బట్టను మనకు అమ్మింది. 1931 సెప్టెంబరులో గాంధీగారు లాంకషైర్‌లోని డార్వెన్‌కు వెళ్లారు. ఇక్కడి విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ తగిలిన ఊరది. అయినా మిల్లు పనివాళ్లు ఆయనను ఆదరంగా కలుసుకున్నారు, ఆయన చుట్టూ చేరి నవ్వుతున్న మిల్లు ఆడవాళ్ల ఫోటో ఈనాటికీ ఉంది. ఆ ఆడవాళ్ల ఇళ్లలో ఆ వారం పొయ్యి ఎలా వెలిగిందో, అదే వారం ఆంధ్ర తీరంలో ఒక నేతగాని ఇంట్లో ఎలా వెలిగిందో పక్కపక్కన చూపించే కార్యక్రమం ఒకటి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పోయిన నెల లాంకషైర్ మగ్గాల మీద వచ్చిన ఒక పాత కార్యక్రమాన్ని మా నాన్నకు చూపించాను. ఆ షెడ్లలో చెవులు పగిలే చప్పుడు వల్ల ఆడవాళ్లు పెదవులు బాగా కదిలిస్తూ, మాట వినపడకపోయినా ఒకరి మాటను ఒకరు చదువుకునేవారని చెబుతుంటే ఆయన ఆసక్తిగా విన్నారు. తర్వాత ఒక ముసలావిడ నాడెను, అంటే మగ్గంలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టును, నోటి దగ్గర పెట్టుకుని, దాని కంటిలోంచి పోగును గాలితో పీల్చి బయటికి లాగి చూపించింది. నాన్న ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారు. ఆయన పెదవులు కూడా అలాగే ముడుచుకున్నాయి. "మనమూ అంతే కదా లాగేది, అది ఒక్కటీ మళ్లీ పెట్టమ్మా" అన్నారు. మళ్లీ పెట్టాను.