మార్కుల ఫైలుతో నేర్చుకున్న లూపు

1996లో మా బ్యాచ్‌కి సి లాంగ్వేజ్ చెప్పిన సార్, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపుల్నీ ఫైళ్లనీ విడదీసి చెప్పలేదు. సిలబస్‌లో లూపులు ముందుంటాయి, ఫైళ్లు ఆఖరి యూనిట్‌లో ఉంటాయి. అక్కడికి వచ్చేసరికి అందరికీ పరీక్షల టెన్షనే. సార్ మాత్రం ఒకటి నుంచి పది దాకా ప్రింట్ చేయించిన మర్నాడే, మా సెక్షన్ మార్కుల్ని ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి సగటు కట్టమన్నారు. లైనుకో రోల్ నంబరు, పక్కన మార్కు. ఎంతమందివి ఉన్నాయో చెప్పలేదు.

షరతు నిజంగా ఉన్నంతసేపూ తిరిగే వైల్ లూపు ఎందుకుందో నాకు ఆ రోజే తెలిసింది. ఫైల్లోంచి చదివే ఎఫ్‌స్కాన్‌ఎఫ్ అనే ఫంక్షన్‌ని రెండు సంఖ్యలు అడిగితే, రెండూ దొరికినప్పుడు 2 అని తిరిగి చెబుతుంది. 2 వస్తున్నంతసేపూ లూపు తిరుగుతుంది, ఫైలు అయిపోగానే ఆగుతుంది. సార్ ఆ ఫైలు చివర ఇంకో ఇద్దరి మార్కులు చేర్చి, ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా మళ్లీ రన్ చేశారు. కొత్త సగటు సరిగ్గా వచ్చింది. ఫైలు అయిపోయిందా అని చెప్పే ఎఫ్‌ఈఓఎఫ్‌ని నమ్ముకుని లూపు తిప్పొద్దని కూడా అప్పుడే చెప్పారు. చదవబోయి ఏమీ దొరక్కపోతేగానీ ఫైలు అయిపోయిందని దానికి తెలియదు. ఈలోగా ఆఖరి మార్కు రెండోసారి కూడా కలిసిపోతుంది.

ఫైలుని మూసే ఎఫ్‌క్లోజ్ సంగతైతే కళ్లారా చూపించారు. ఫైల్లోకి నాలుగు లైన్లు రాసి, మూయకుండా, కీ నొక్కేదాకా ఎదురుచూసే గెట్‌సిహెచ్ దగ్గర ప్రోగ్రాంని ఆపి, మెషీన్ స్విచ్ కట్టేశారు. మళ్లీ ఆన్ చేసి డాస్‌లో ఫైళ్ల జాబితా చూపే డిర్ కొడితే ఫైలు పేరుంది, సైజు 0. రాసిందంతా మెమరీలోని బఫర్ అనే తాత్కాలిక చోటులోనే ఉండిపోయింది, డిస్కు దాకా వెళ్లలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మా ల్యాబ్‌లో ఆ పాఠం అందరి బుర్రల్లోకీ ఎక్కింది.

ఇప్పుడు నేను ప్రోగ్రాంలు రాసేది పైథాన్ లాంగ్వేజ్‌లో. విత్ ఓపెన్ అని తెరిస్తే, పని అయ్యాక ఫైలు దానంతటదే మూసుకుంటుంది. లైను తర్వాత లైను చదవడం మాత్రం అదే. జీతాల లెక్కలైనా, సెన్సర్ రీడింగులైనా, ఎన్ని వస్తాయో ముందు తెలియని డేటాతోనే నా పనంతా.

మన డిపార్ట్‌మెంట్ మేడమ్‌లకీ సార్లకీ ఒక విన్నపం. లూపుల మొదటి వారంలోనే పిల్లల చేతికి ఒక మార్కుల ఫైలు ఇవ్వండి. దానికి కావలసిన ఫైళ్లు తయారుచేసి పంపడానికి, ల్యాబ్ రోజున వచ్చి పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం.