ఎర్రర్ రోజుకొకటి మారుతుంటే ముందు ర్యామ్ చూడండి

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, ఇవే మా బతుకుతెరువు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో రోజంతా శుభలేఖలు కొట్టినా నా లాప్‌టాప్ కిక్కురుమనేది కాదు. ఫొటోషాప్‌లో పది అడుగుల ఫ్లెక్సీ తెరిస్తే మాత్రం నీలం తెర. అదీ సరిగ్గా పార్టీ పక్కన కుర్చీ వేసుకుని "మా బామ్మర్ది ఫొటో ఇంకొంచెం పెద్దది చేయండి" అంటున్నప్పుడే.

ఆ నీలం తెర మీద కారణం మాత్రం ఒక్కటే ఉండేది కాదు. ఓసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని. ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు చూపిస్తే మర్నాడు వైఫై డ్రైవర్ పేరు. సర్వీసు షాపులో చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నారు. మూత కూడా తీయకుండా మదర్‌బోర్డు పోయిందని చెప్పేవాళ్ల దగ్గర ఏ వస్తువూ వదిలిపెట్టకూడదన్నది నా పాలసీ. తిరిగి తెచ్చేసుకున్నాను.

అసలు ఆచూకీ ఇచ్చింది ఒక జిప్ ఫైలు. కస్టమర్ పంపిన ఫొటోలు విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ వచ్చింది, అంటే విప్పిన డేటా అసలుదానితో సరిపోలడం లేదని. మళ్లీ విప్పాను, సుబ్బరంగా తెరుచుకుంది. ఇంకోసారి ప్రయత్నిస్తే వేరే ఫొటో దగ్గర ఎర్రర్. ఫైలే పాడై ఉంటే ఎన్నిసార్లు విప్పినా అదే ఫొటో దగ్గర ఆగాలి. డిస్కులో ఒకచోట చెడినా దాదాపు అంతే. చోటు మారుతోందంటే, చదివిన డేటా దారిలో ఎక్కడో చెడుతోందన్నమాట. ఆ దారిలో నేను చవగ్గా పరీక్షించగలిగింది ర్యామే, అంటే పని జరుగుతున్నంతసేపు డేటాను పట్టి ఉంచే మెమరీ.

విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అని ఒకటుంది. స్టార్ట్ మెనూలో వెతికితే దొరుకుతుంది. అది రీస్టార్ట్ అయ్యి, పరీక్ష చేసి, ఏమీ దోషం లేదని చెప్పింది. అక్కడితో ర్యామ్ బాగుందని వదిలేయకండి. మామూలుగా నడిచేది స్టాండర్డ్ పరీక్ష మాత్రమే. అది నడుస్తుండగా ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుంటే ఇంకాస్త లోతుగా చూస్తుంది. నేను దాని జోలికి పోకుండా నేరుగా మెమ్‌టెస్ట్86 ప్లస్ పట్టుకున్నాను. ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచే బూట్ చేయాలి, కాబట్టి విండోస్ అడ్డు ఉండదు. బూట్ కాకుండా మొండికేస్తే బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ ఒకసారి ఆపి చూడండి. అయితే హార్డ్‌డిస్కుకి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత అది అడిగినప్పుడు టెన్షన్.

రాత్రి షాపు కట్టేసేటప్పుడు పెట్టి ఇంటికి పోయాను. పొద్దున్న వచ్చేసరికి తెర నిండా ఎర్ర గీతలు. ఒక్కో వరుసలో తేడా వచ్చిన అడ్రసు, ఉండాల్సిన విలువ, అక్కడ కనిపించిన విలువ. వరుసగా ఎఫ్‌లు ఉండాల్సిన చోట మధ్యలో ఒక్క ఎఫ్ బదులు బి. అక్కడ ఒక్కో అక్షరం నాలుగు బిట్లకు గుర్తు, అంటే 1111 రాస్తే 1011 తిరిగొచ్చింది. ఒకే ఒక్క బిట్. పైగా అడ్రసులన్నీ పై కొసన, దగ్గర దగ్గరగా ఉన్నాయి. శుభలేఖలకు ఏమీ కాకుండా ఫ్లెక్సీలకే ఎందుకు పడిపోతోందో అప్పుడు అర్థమైంది. బస్సులో చివరి సీటు విరిగుంటే బస్సు నిండేదాకా ఎవరికీ తెలియదు కదా. విండోస్ అంత వరుసగా ఏమీ నింపదు గానీ, వాడే చోటు పెరిగేకొద్దీ ఆ చెడ్డ చోటు తగిలే అవకాశమూ పెరుగుతుంది.

ఎర్ర గీతలు రాగానే కొత్త ర్యామ్ కొనడానికి పరిగెత్తనక్కర్లేదు. నా లాప్‌టాప్‌లో 8 జీబీ స్టిక్కులు రెండున్నాయి, వాటిలో దొంగ ఏదో తేలాలి. పవర్ ఆపి, ఛార్జర్ పీకి, వెనక మూత స్క్రూలు విప్పి, అన్నింటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాను. స్టిక్కుకి రెండు పక్కలా ఉండే క్లిప్పుల్ని గోళ్లతో బయటికి జరిపితే అది తనంతట తనే వాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు పళ్లను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపాను. ఒక్కోసారి మురికి వల్లే ఇదంతా జరుగుతుంది, రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోతుంది. నాకు అవ్వలేదు.

తర్వాత ఒక్కో స్టిక్కునూ ఒకే స్లాటులో పెట్టి విడివిడిగా పరీక్షించాను. ఒకటి శుద్ధం, రెండోదానికి మళ్లీ అవే గీతలు. మంచిదాన్ని రెండో స్లాటులోకీ మార్చి చూడటం మరిచిపోకండి. అక్కడా పాసైతేనే స్లాటుకి దోషం లేనట్టు. స్లాటే చెడిపోయుంటే అప్పుడు మదర్‌బోర్డు మాట ఎత్తొచ్చు.

కొనేటప్పుడు పాత స్టిక్కు మీది స్టిక్కరే మీకు చీటీ. నాదాని మీద 8 జీబీ, పీసీ4, స్పీడు 2666 అని ఉంది. పీసీ4 అంటే డీడీఆర్4, ర్యామ్‌లో నాలుగో తరం. లాప్‌టాప్‌కి పట్టే పొట్టి రకాన్ని ఎస్ఓ-డిమ్ అంటారు. డీడీఆర్3 అయితే 204 పిన్నులు, డీడీఆర్4 అయితే 260, డీడీఆర్5 అయితే 262. గాడి స్థానాలు కూడా వేరు కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి దూరదు. బలవంతం చేయొద్దు. షాపులో 3200 స్పీడుదే దొరికింది. నా మెషీన్‌లో అది 2666కి దిగి నడుస్తుంది, ఇబ్బంది లేదు. ఏఐ డేటాసెంటర్ల పుణ్యమా అని ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, బేరం ఆడినా ఏమీ తగ్గలేదు. ఒక్క మాట, పల్చటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. వాటికి ఈ వైద్యం కుదరదు.

కొత్తది బిగించాక మళ్లీ రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టాను. ఎర్ర గీత ఒక్కటీ లేదు. కానీ పని అక్కడితో అవ్వదు. చెడ్డ ర్యామ్ ఉన్నన్నాళ్లూ సేవ్ చేసిన ఫైళ్లు దాని గుండానే డిస్కుకి వెళ్లాయి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడిపితే విండోస్ ఫైళ్లు రెండు మూడు బాగుచేసింది. మన సొంత ఫైళ్లను మాత్రం అది చూడదు. ఆ మధ్య చేసిన ఫ్లెక్సీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటే, ఒక ఓణీల ఫంక్షన్ ఫొటో సగం నుంచి కిందికి బూడిద రంగు. మూలం వాట్సాప్‌లో ఉండబట్టి సరిపోయింది.

పాత స్టిక్కు బల్ల మీద చూసి పక్క జిరాక్సు షాపాయన "అది నాకివ్వండి, మా వాడి లాప్‌టాప్‌కి వేస్తా" అన్నాడు.

"చెడిపోయిందండీ."

"ఒక్క బిట్టే కదా అన్నారు, మిగతాదంతా బాగానే ఉందిగా?"

ఆయన మాట తీసిపారేయదగ్గదేమీ కాదు. లినక్స్‌లో ఆ అడ్రసుల్ని వాడొద్దని ముందే చెప్పి బూట్ చేసుకోవచ్చు, విండోస్‌లోనూ బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్ కమాండ్‌తో అలాంటి దారి ఒకటుంది. కానీ ఇవాళ ఒక బిట్టు పోయిన చిప్పులో రేపు పక్క బిట్టు పోదని భరోసా ఏముంది? వారంటీకి పంపాలని చెప్పి సొరుగులో వేశాను. నిజంగానే పంపుతున్నాను, దానికింకా వారంటీ ఉంది.