మిగిలిన మూత్రపిండం ఎలా పెరుగుతుంది?

ఒక మూత్రపిండాన్ని దానం చేసిన ఆరోగ్యవంతుల్లో వడపోత సామర్థ్యం సగానికి పడిపోయి అక్కడే ఆగిపోదు. మిగిలిన మూత్రపిండం పరిమాణం పెంచుకుని, మునుపటి మొత్తంలో సుమారు 65 నుంచి 70 శాతం పనిని ఒంటరిగా మోస్తుంది. ఈ క్రమంలో కొత్త నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు) ఏవీ పుట్టకపోవడమే నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోస్తుంది. మనిషిలో వాటి తయారీ గర్భస్థ దశలోనే, దాదాపు 36వ వారానికి ముగిసిపోతుంది కాబట్టి, ఉన్న కణాలే, ముఖ్యంగా సమీప నాళిక (వడకట్టిన ద్రవం మొదట ప్రవహించే నెఫ్రాన్ గొట్టం) కణాలు, లావెక్కాలి.

ఎలుకల్లో ఒక మూత్రపిండాన్ని తొలగించి రెండోదాన్ని పరిశీలిస్తే, డీఎన్‌ఏ పెద్దగా పెరగకుండానే, అంటే కణాల సంఖ్య అంతగా పెరగకుండానే, ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ పెరుగుతాయి. రక్తప్రవాహం హెచ్చడంతో పాటు కణాల ఎదుగుదలను నడిపే ఎమ్‌టార్ అనే సంకేత మార్గం చురుకై, ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లోని ఎస్6 ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేరి, ప్రోటీన్ల తయారీ ఊపందుకుంటుంది; ఎమ్‌టార్‌ను అడ్డుకునే రాపమైసిన్ మందు ఇస్తే ఈ పెరుగుదల గణనీయంగా తగ్గుతుంది. ఫాస్ఫేట్ చేరడం లాంటి మార్పులు జన్యువుల లెక్కల్లో కనిపించవు; అందుకే ఏ జన్యువు చురుకుదనం ఎంత పెరిగిందో చెప్పే పట్టికను మాత్రమే చూసి తీర్పు చెప్పడం తొందరపాటని నా అభిప్రాయం.

కోత గాయం కూడా జన్యువులను కదిలిస్తుంది గనుక, మూత్రపిండం తీయకుండా శస్త్రచికిత్స మాత్రమే చేసిన జంతువులతో పోల్చడం తప్పనిసరి. పైగా కణజాలాన్నంతా కలిపి నూరితే (ఇన్నాళ్లూ ఎక్కువగా జరిగింది అదే) సమీప నాళికలోని మార్పు ఇతర కణాల సంకేతాల్లో కలిసిపోతుంది. నాళికా ఖండాలను విడదీసి చూసిన పరిశోధనల్లో, కొవ్వుల వినియోగాన్ని నియంత్రించే పీపార్-ఆల్ఫా అనే ప్రోటీన్‌కు కణ పరిమాణంతో సంబంధం ఉన్నట్టు తేలింది.