గోపుర గడియారంలో పాత మరమ్మతుల సంగతి

ఉత్తర చెన్నైలోని ఒక పాత చర్చిలో చాలా ఏళ్లుగా ఆగిపోయి ఉన్న గోపుర గడియారాన్ని తిరిగి నడిపించే పనిలో కొంతకాలంగా పాలుపంచుకుంటున్నాను. సంఘ పెద్దల్లో కొందరు పాత యంత్రాన్ని దించేసి ముళ్ల వెనుక కరెంటు మోటారు బిగిస్తే చాలన్నారు. మరికొందరు తర్వాతి కాలంలో పడిన అతుకులన్నిటినీ తీసేసి, గడియారాన్ని తయారైననాటి రూపానికి తేవాలన్నారు. మొదటి మాటను నేను వెంటనే కాదన్నాను, ఎందుకంటే బరువులతో నడిచే ఆ ఇనుప యంత్రంలో అరిగిన భాగాలున్నాయే తప్ప విరిగినవి లేవు. రెండో మాటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

ఇంగ్లండులోని సాలిస్‌బరీ కెథెడ్రల్లో 1386 నాటిదని చెప్పే గడియారం ఒకటి ఉంది. దానికి డయల్ లేదు, గంట కొట్టడమే దాని పని. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకాన్ని గడియారాల్లోకి తెచ్చిన తర్వాత దానికీ లోలకం అమర్చారు, తరతరాలు అది అలాగే నడిచింది. 1956లో పునరుద్ధరించినప్పుడు ఆ లోలకాన్ని తొలగించి, మొదట్లో ఉండేదని భావించిన ఊగే అడ్డకడ్డీని కొత్తగా చేసి పెట్టారు. మధ్యయుగపు పద్ధతి కళ్లకు కట్టిందనడంలో సందేహం లేదు, కానీ అందుకోసం నిజంగా పనిచేసిన భాగాలను తీసి ఊహించి చేసిన భాగాలను పెట్టవలసి వచ్చింది. నా మటుకు నేను ఆ మార్గాన్ని ఎంచుకోను.

అందుకే రెంచి పట్టుకునే ముందు కాగితాలు చదవాలని నేను పట్టుబట్టాను. గోపుర గడియారాల్లో ముళ్లు సరిదిద్దడానికి యంత్రం మీదే ఒక చిన్న డయల్ ఉంటుంది. తయారీదారు పేరు, సంవత్సరం చాలాసార్లు దాని మీదే చెక్కి ఉంటాయి. ఆ తర్వాతి చరిత్ర చర్చి సమావేశాల పుస్తకాల్లోను, జమాఖర్చుల్లోను దొరుకుతుంది. మద్రాసులో ఈ కాగితాలు చదివేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చింది. దానికి ముందు ఈ ఊరి గడియారాలు నడిచిన మద్రాసు కాలం దానికన్నా సుమారు 9 నిమిషాలు వెనక ఉండేది. అంతకు ముందు రాసిన వేళలను ఇప్పటి వేళలతో నేరుగా పోల్చి, గడియారం తప్పు నడిచిందని తీర్మానించకూడదు.

కాగితాల్లో లేనిది మనుషుల దగ్గర ఉంటుంది. మా లోలకం ఉక్కు కడ్డీకి ఒక చిన్న పళ్లెం, దానిలో ఆకారం లేని సీసపు ముక్క కనిపించాయి. ఎవరో మొరటుగా అతికించిన చెత్త అనుకుని దాన్ని విప్పబోతుంటే, అక్కడ గంట కొట్టే పెద్దాయన అడ్డుపడ్డాడు. వాళ్లది తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం. "దాన్ని తీయకండి సార్, ఎండాకాలంలో గడియారం వెనకబడితే మా నాయన ఆ ముక్క పెట్టేవాడు, చల్లబడ్డాక తీసేసేవాడు" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. ఉక్కు కడ్డీ వేడికి సాగుతుంది. 10 డిగ్రీలు పెరిగితే గడియారం రోజుకు దాదాపు 5 సెకన్లు వెనకబడుతుంది. కడ్డీ మీద కొంచెం బరువు చేరిస్తే లోలకం గరిమనాభి కాస్త పైకి జరిగి ఊపు త్వరపడుతుంది, పైగా గడియారాన్ని ఆపనవసరం లేదు. లండన్‌లో 1859 నుంచి నడుస్తున్న వెస్ట్‌మినిస్టర్ గడియారాన్ని కూడా ఇలాగే పాత పెన్నీ నాణేలతో సరిదిద్దుతారు, ఒక్కో నాణెం రోజుకు 0.4 సెకను చొప్పున ముందుకు నడిపిస్తుంది. ఆ పద్ధతిని ఇక్కడి మనిషి చేతికందిన సీసంతో సాధించాడంటే అది ఎంత గౌరవించదగిన పనో చెప్పనక్కర్లేదు. ఆ ముక్క అక్కడే ఉంటుంది.

అలాగని పాత పని ప్రతిదీ ఉంచాలని నేను అనడం లేదు. ఇరుసులు తిరిగే రంధ్రాలు అరిగి కోలగా సాగితే, పళ్ల చక్రాలు ఒకదానికొకటి దూరమై సరిగా పట్టవు. ఎవరో ఆ రంధ్రాల చుట్టూ ఉలితో కొట్టి లోహాన్ని లోపలికి నెట్టారు. దానివల్ల ఇరుసు కొన ఒకే అంచు మీద ఆని కోసుకుపోతుంది కాబట్టి ఈ మరమ్మతును మాత్రం మార్చక తప్పలేదు. అంబత్తూరులో ఒక లేత్ పనివాడు ఆ రంధ్రాల్లో బిగించే కంచు గొట్టాలను, అంటే బుష్షులను, కొలత తప్పకుండా తీసి ఇచ్చాడు. పళ్లకు నూనె పెట్టలేదు. నూనెలో చేరిన దుమ్ము చక్రాలను ఆకురాయిలా అరగదీస్తుంది. ఇత్తడికి మెరుగు పెట్టడానికి కూడా నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ రాపిడికి పాత పనివాళ్ల గీతలు చెరిగిపోతాయి.

సమయం చూపే భాగం ఇప్పుడు నడుస్తున్నది. గంట కొట్టే భాగాన్ని ఇంకా కదిలించలేదు. ఎన్ని దెబ్బలు కొట్టాలో నిర్ణయించేది గంటు చక్రం. 12 గంటల్లో మొత్తం 78 దెబ్బలు దాని చుట్టూ వరుసగా ఉంటాయి. ముళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియదు కనుక, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వేళతో సరిపడేదాకా చేత్తో విడిపించి కొట్టించాలి. అంతకన్నా ముందు గంటను మోసే దూలాన్ని వడ్రంగి చూడవలసి ఉంది. చివర్లలో చెద పట్టిందేమోనన్న అనుమానం తీరేవరకు సుత్తిని పైకెత్తి కట్టే ఉంచుతున్నాం.