రిమోట్ ట్రైనర్ విమానానికి ఎన్ని ఛానెళ్లు: రెక్కలో సర్వోలు బిగించాక

రెక్క పని అయిపోయింది. సన్‌బోర్డుతో (తేలికైన ఫోమ్ షీటు) కడుతున్న హై వింగ్ ట్రైనర్, అంటే రెక్క బాడీకి పైన ఉండే, ఎగరేయడం నేర్చుకునే రిమోట్ విమానం. రెక్క పొడవు 1.2 మీటర్లు, రెక్క, తోకల మీది పలకల్ని కదిలించే చిన్న మోటార్లు, అంటే 9 గ్రాముల సర్వోలు, నాలుగు. ఇప్పుడు విమానంలోని రిసీవర్‌లో ఏ వైరు ఎక్కడ గుచ్చాలో చూసుకోవాలి కాబట్టి ఛానెళ్ల లెక్క, అంటే చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి విడివిడిగా ఎన్ని ఆదేశాలు వెళ్లాలన్నది, తేల్చేశాను.

నాలుగు చాలంటారు, మాట నిజమే: థ్రాటిల్ (మోటారు వేగం), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక), రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు తోక పలక), ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క అంచు పలక). రెక్కల చివర్లు పైకి లేచి డైహెడ్రల్ బాగా ఉంటే ఎయిలరాన్ కూడా అక్కర్లేదు, రడ్డర్‌తోనే తిరుగుతుంది, మూడుతో హాయిగా ఎగురుతుంది. తోక లేని డెల్టాకీ (త్రికోణపు రెక్క విమానం) మూడే, కాకపోతే ట్రాన్స్‌మిటర్‌లో ఎలెవాన్ మిక్సింగ్ (ఎలివేటర్, ఎయిలరాన్ ఆదేశాల్ని కలిపి రెక్క వెనక పలకలకి పంపడం) ఉండి తీరాలి.

అసలు చూడాల్సింది ఎన్ని సర్వోలు విడివిడిగా నడవాలన్నది, దానికి మోటారు ఒకటి కలుపుకోవాలి. నా రెక్కలో ఎయిలరాన్ సర్వోలు రెండు. వై కేబుల్ (ఒక వైరుని రెండుగా చీల్చేది) వేస్తే ఒక్క ఛానెల్‌తో పని జరిగిపోతుంది గానీ రెండింటికీ వెళ్లేది ఒకటే సిగ్నల్. ఎయిలరాన్ కిందికి దిగిన వైపు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరిగి, విమానం ఒక పక్కకి ఒరుగుతుంటే ముక్కు ఇంకో పక్కకి లాగుతుంది, ఇలాంటి హై వింగ్‌లో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే రెండింటికీ విడి ఛానెళ్లు ఇచ్చి, ఎండ్ పాయింట్స్‌లో (సర్వో ఎంతవరకు కదలాలో పెట్టే సెట్టింగ్) దిగే వైపు కదలిక తగ్గించాను: పైకి 12 మి.మీ., కిందికి 7. ల్యాండింగ్‌లో రెండూ కలిపి కాస్త దించితే ఫ్లాపుల్లా (దిగేటప్పుడు నెమ్మదిగా ఎగరడానికి దించే రెక్క పలకలు) పనికొస్తాయి, అది ఇంకో లాభం.

నా దగ్గరున్నది ఫ్లైస్కై ఐ6 ట్రాన్స్‌మిటర్, ఆరు ఛానెళ్లు. ఫ్లాపరాన్ (ఎయిలరాన్లనే ఫ్లాపులుగానూ వాడే సెట్టింగ్) ఆన్ చేస్తే 1, 6 ఛానెళ్లు రెక్కకి పోతాయి, 2 ఎలివేటర్, 3 థ్రాటిల్, 4 రడ్డర్. మిగిలిన 5ని గైరో స్టెబిలైజర్ (విమానాన్ని కుదురుగా ఉంచే పరికరం) ఆన్-ఆఫ్ స్విచ్‌కి ఉంచాను. స్టెబిలైజర్ కొనేటప్పుడు ఎయిలరాన్‌కి రెండు ఇన్‌పుట్లు తీసుకునేదే చూడండి, లేకపోతే ఇంత చేసీ మళ్లీ వై కేబుల్‌కే రావాలి.

కొత్తగా కొనేవాళ్లు నాలుగు ఛానెళ్ల సెట్ జోలికి పోవద్దనే నా మాట, విమానం మారినా ట్రాన్స్‌మిటర్ ఏళ్ల తరబడి ఉంటుంది. మోటార్ గ్లైడర్ మీద మనసుంటే ఆరు కూడా చాలవు: ఎయిలరాన్లు రెండు, ఫ్లాపులు రెండు, ఎలివేటర్, రడ్డర్, మోటారు, ఏడు అయ్యాయి. రిసీవర్‌లోనూ అన్ని పిన్నులు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ప్రొపెల్లర్ తీసేసి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆగే ఏర్పాటు) కూడా పరీక్షించాను, ట్రాన్స్‌మిటర్ ఆపగానే మోటారు ఆగుతోంది. ఇక బ్యాటరీ ముందుకీ వెనక్కీ జరుపుతూ సీజీ (విమానం బరువు తూగే బిందువు) సరిచూడాలి.