రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయటగా

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నేనూ పడుకున్నాను కాసేపు, కానీ ఎడమ కాలు మొదలుపెట్టేసరికి లేచి వచ్చేశాను. నా నిద్ర గొడవ మళ్ళీ రాయకూడదనే అనుకున్నాను. కానీ సాయంత్రం పిన్ని ఫోన్లో అన్న మాట వదలడం లేదు.

"ఏమే, రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయటగా. ఇంకేంటి మరి?"

అంతే అంది. పిన్ని మనసులో ఏమీ లేదని నాకు తెలుసు. నిజంగా సంతోషపడే అంది. తర్వాత వాళ్ళింటి సంగతులేవో చెప్పింది, నేను ఊఁ కొట్టాను. ఫోన్ పెట్టేశాక వంటిల్లు సర్దుతున్నా, చిన్నదాని లెక్కలు చూస్తున్నా అదే మాట. ఇంకేంటి మరి? కాగితం మీద రానిది నా ఒంట్లో కూడా లేదనా?

రిపోర్టులు బాగానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. థైరాయిడ్ సరిగ్గా ఉంది. షుగర్ లేదు. బీ12 పర్వాలేదు. హిమోగ్లోబిన్ 12 పైనే. గుండె దడ అన్నానని ఈసీజీ కూడా తీశారు, అదీ బాగుంది. మొదట చూసిన డాక్టరు కాగితాలన్నీ ఒకసారి తిరగేసి "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నారు. నేను చెప్పడానికి వెళ్ళింది ఇదీ: పొద్దు వాలాక కూర్చున్నా, పడుకున్నా పిక్కల లోపల ఏదో పాకుతుంది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, మంట కూడా కాదు. కాలు కదపకపోతే ఇక బతకలేనన్నంత తహతహ. కదిపితే పోతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. ఇందులో సగం కూడా చెప్పకముందే ఆయన మందు రాయడం మొదలుపెట్టారు. నిద్ర పట్టడానికని రాసిన ఆ మాత్ర నిజానికి అలర్జీకి వాడే మత్తు మాత్ర. ఆ రాత్రంత దారుణమైన రాత్రి నాకింకోటి లేదు. ఒళ్ళంతా మత్తు, కళ్ళు మూతలు పడుతున్నాయి, కాళ్ళు మాత్రం ఊరుకోవు. గోడ పట్టుకుని తిరిగాను. ఈ బాధని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారని, ఆ రకం మాత్రలు ఇలాంటి కాళ్ళున్నవాళ్ళకి దాన్ని ఇంకా పెంచుతాయని, కొన్ని జలుబు మాత్రల్లోనూ ఆ రకం మందే ఉంటుందని తర్వాత రెండో డాక్టరమ్మ చెప్పింది. నేను చెప్పేది ఆ మొదటాయన పూర్తిగా వినుంటే ఆ రాత్రి నాకు ఉండేది కాదు. ఈ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఫెరిటిన్ చేయించారా?" అని. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది. చేయిస్తే 21 వచ్చింది. ల్యాబ్ వాళ్ళు పక్కన వేసే హద్దుల ప్రకారం అది మామూలే. కాబట్టి ఆ అంకె లావుగా అచ్చు పడలేదు, ఎర్ర గుర్తూ లేదు. మా ఆయన అది చూసే పిన్నికి అన్నీ బాగున్నాయని చెప్పినట్టున్నారు. డాక్టరమ్మ మాత్రం ఆ అంకె మీద వేలు పెట్టి ఆగింది. హిమోగ్లోబిన్ అంటే చేతిలో ఖర్చుకున్న డబ్బు, ఫెరిటిన్ అంటే దాచుకున్న డబ్బు అంది. దాచింది అయిపోతున్నా చేతిలోది కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించదు. కదలికల్ని అదుపు చేయడంలో సాయపడే డోపమైన్ అనే రసాయనం మెదడులో తయారవ్వాలంటే ఇనుము కావాలి. సాయంత్రమయ్యేసరికి ఆ డోపమైన్ ఎలాగూ కాస్త తగ్గుతుంది, అందుకే ఈ కాళ్ళ బాధ పగలు దాక్కుని రాత్రి బయటపడుతుంది. ఈ బాధ ఉన్నవాళ్ళకి ఫెరిటిన్ కనీసం 75 దాటాలని చూస్తారట. అదే అంకె, అదే కాగితం. ఒకరికి అందులో ఏమీ కనిపించలేదు, ఒకరికి నా రాత్రులన్నీ కనిపించాయి.

ఇనుము మాత్ర రోజు విడిచి రోజు, పరగడుపున, కాఫీ టీలకి దూరంగా వేసుకోమంది. నెలలు పడుతుందంది. పట్టనీ.

ఇక తెల్లవారుజాము సంగతి వేరు. మెలకువ వస్తుంది. కళ్ళు తెరుచుకుంటాయి. ఫ్యాన్ తిరగడం కనిపిస్తుంది, పక్కన ఈయన ఊపిరి వినిపిస్తుంది. చెయ్యి కదలదు. పిలుద్దామంటే గొంతు పెగలదు. గుండెల మీద ఇంత బరువు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారని, చూడకుండానే, ఖాయంగా తెలుస్తుంది. కాసేపటికి వేలో, కాలి బొటనవేలో కదులుతుంది. ఒక్కసారిగా అంతా విడిపోతుంది. అప్పుడు లేచి కూర్చుని ఏడుస్తాను.

దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారని ఇప్పుడు తెలుసు. కలలొచ్చే నిద్రలో మెదడు ఒళ్ళంతటినీ కట్టిపడేస్తుంది, కలలో పరిగెత్తితే మంచం దిగి నిజంగా పరిగెత్తకుండా. కళ్ళు తిప్పే కండరాలు, ఊపిరి నడిపే డయాఫ్రం తప్ప దాదాపు అన్నీ వదులైపోతాయి. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఆ కట్టు విడవడం వెనకబడుతుంది. ఛాతీ కండరాలు సాయానికి రావు కాబట్టి గట్టిగా ఊపిరి తీసుకోబోతే అందదు. ఆ బరువు అదే. కానీ ఊపిరి ఆగదు. ఈ ఒక్క ముక్క నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఊపిరి ఆగదు. మామూలుగా కొన్ని సెకన్లు, లేదంటే కొన్ని నిమిషాలు. కలల నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ, అందుకే నాకు ఆ వేళప్పుడే వస్తుంది. నిద్ర చాలకపోయినా, ముక్కలు ముక్కలైనా ఇది ఎక్కువవుతుందట. కాళ్ళు నిద్రని ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్లోంచి ఇది వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఇంకా ఎక్కువ. పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంటున్నాను.

ఫ్యూజెలీ అనే చిత్రకారుడు 1781లో గీసిన బొమ్మ ఒకటి ఉంది, 'ది నైట్‌మేర్' అని. ఒక ఆడమనిషి వెల్లకిలా పడి ఉంటుంది, గుండెల మీద ఒక పొట్టి వికారమైన రూపం కూర్చుని ఉంటుంది, వెనక తెరలోంచి గుర్రం తల తొంగి చూస్తుంది. నాకు ఆ బొమ్మ చూస్తే భయం వేయలేదు. నా గుండెల మీద బరువుని ఎవరో నమ్మారనిపించింది.

అసలు ఇవాళ రాయాలనుకున్నది ఈయన నోట్‌బుక్ గురించి. నేను రాత్రి ఎప్పుడు లేచానో, ఎంతసేపు తిరిగానో అన్నీ రాస్తున్నారు. పొద్దున్న లేవగానే "రెండింటికి లేచావు, మూడున్నరకి మళ్ళీ లేచావు, ఏమైంది?" అని అడుగుతారు. ఏమైందని చెప్పను? నిద్ర లేని ఒళ్ళుకి పొద్దున్నే ప్రశ్నలు పడవు. ఇప్పుడు స్లీప్ స్టడీ చేయించుకోమని పట్టుబడుతున్నారు. నాకు నిద్రలో ఊపిరి ఒక్కోసారి ఆగినట్టుంటోందని ఆయనే డాక్టరమ్మకి చెప్పారు, నన్ను అడక్కుండా. కాళ్ళ బాధ తేల్చడానికి ఆ పరీక్ష అక్కర్లేదు, మీరు చెప్పింది చాలు అందావిడ. కానీ ఊపిరి మాట విన్నాక చేయించుకుంటే మంచిదంది. ఆ పరీక్షలో తల మీద వైర్లు జిగురుతో అంటిస్తారు. గడ్డం కింద, కాళ్ళ మీద కూడా. ఛాతీకి, పొట్టకి బెల్టులు, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర గొట్టం, గదిలో కెమెరా. ఇంట్లో నా మంచం మీదే నిద్రపోలేనిదాన్ని అక్కడెలా పోతాను? వద్దన్నాను. మధ్యాహ్నం కూడా వద్దన్నాను. వద్దనే రాసి ముగిద్దామని కూర్చున్నాను.

కానీ ఇంతసేపూ కాళ్ళ గురించి రాస్తుంటే నాయనమ్మ వచ్చి కూర్చుంది, కదలడం లేదు.

నాయనమ్మ రాత్రుళ్ళు తిరిగేది. ఇంట్లో అందరికీ తెలుసు. దీపాలార్పేశాక కాసేపటికి వసారాలో ఆవిడ అడుగులు మొదలయ్యేవి, ఈ చివర నుంచి ఆ చివరకి. మాకు అది రాత్రి చప్పుళ్ళలో ఒకటి. ఒక్కోసారి బావి దగ్గరకెళ్ళి కాళ్ళ మీద చన్నీళ్ళు గుమ్మరించుకునేది. అంత చలిలో ఎందుకని తాతయ్య కేకలేసేవారు. ఒక్కోసారి మమ్మల్ని పిలిచి, బోర్లా పడుకుని, పిక్కల మీద నిలబడమనేది. నేను ఒక కాలి మీద, అన్నయ్య ఇంకో కాలి మీద. "ఇంకా తొక్కండర్రా, ఇంకా గట్టిగా" అనేది. మేం దిగిపోతే మళ్ళీ లేచి నడక. పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడేది. పనంతా అయ్యాక పడే కునుకు అది. అయినా "రాత్రంతా తిరగడం, పగలంతా తూగడం" అని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. ఆవిడది చాదస్తమని ఇంట్లో తేల్చేశారు. వైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళిన గుర్తు నాకు లేదు. తీసుకెళ్ళి ఏం చెప్పాలి? ముసలావిడ రాత్రుళ్ళు నడుస్తోందనా? "ఎముకల్లో ఏదో మెదులుతోందే" అని ఆవిడ చెప్పేది. సరిగ్గా అవే మాటలు నేను డాక్టరమ్మకి చెప్పాను, నాయనమ్మవని తట్టకుండానే.

ఈ బాధని థామస్ విల్లిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు 17వ శతాబ్దంలోనే వర్ణించాడు. 1945లో ఎక్‌బోమ్ అనే స్వీడన్ వైద్యుడు దాన్ని వివరంగా రాసి, ఇప్పుడు వాడే పేరు పెట్టాడు, రెస్ట్‌లెస్ లెగ్స్ అని. నాయనమ్మ వసారాలో నడిచింది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి. అప్పటికే తెలిసిన జబ్బు. ఆవిడ దాకా రాలేదు, అంతే. అంతమందిలో ఒక్కరు కూడా లేచి వెళ్ళి, ఎప్పుడు లేచావు, ఎంతసేపు నడిచావు, ఏమైందని అడగలేదు.

ఈయన నోట్‌బుక్ ఇందాక హాల్లో బల్ల మీదే ఉంటే తిరగేశాను. కుదురుగా రాశారు. టైములే కాదు, ఒకచోట "చన్నీళ్ళు పోసుకుంటే పావుగంట నయం" అని ఉంది. నేనెప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. పొద్దున్నే అడగడం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, సాయంత్రం అడగమని చెప్తాను. కానీ పరీక్ష సంగతి వేరేగా అనిపిస్తోంది ఇప్పుడు. రాత్రంతా ఒక మనిషి మేలుకుని, కాలు ఎప్పుడు కదిలిందో, ఊపిరి ఎక్కడ తగ్గిందో చూస్తూ కూర్చుంటారు. కాళ్ళ కదలికల్ని లెక్క కూడా కడతారట. సరిగ్గా ఆ రాత్రే నాకు హాయిగా నిద్రపట్టి ఏమీ దొరక్కపోతే? అప్పుడు మళ్ళీ "అన్నీ బాగానే ఉన్నాయిగా" అంటారు. ఆ భయం ఉంది. అయినా వెళ్తాను. ఇప్పుడే నోట్‌బుక్‌లో కింద రాసి పెట్టాను, అపాయింట్‌మెంట్ తీసుకోండని.

మధ్యాహ్నం ఒక మంచి సంగతి జరిగింది, మర్చిపోయాను. సోఫాలో గంటసేపు ఏ గొడవా లేకుండా నిద్రపోయాను. లేచేసరికి చిన్నది టీవీ సౌండు పూర్తిగా తీసేసి బొమ్మలు చూస్తోంది.

ఇంకొకటి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగితే లేదని చెప్పాను, అమ్మానాన్నలకి లేదు కాబట్టి. ఇది చాలా కుటుంబాల్లో తరాలుగా వస్తుందట. ఈసారి నాయనమ్మ గురించి చెప్పాలి. అన్నయ్య కూతురు రాత్రుళ్ళు కాళ్ళు నొక్కమని ఏడుస్తోందని వదిన పోయినసారి చెప్పింది. ఎదిగే వయసు నొప్పులన్నారట. అలా అనుకుని వదిలేసిన పిల్లల్లో కొందరిది ఇదే అయి ఉంటుందని చదివాను. రేపు పొద్దున్నే అన్నయ్యకి ఫోన్ చెయ్యాలి. నాయనమ్మ కాళ్ళ మీద నిలబడటం గుర్తుందా అని ముందు అడిగి, ఆ తర్వాత పిల్లకి ఫెరిటిన్ చూడాలేమో డాక్టర్ని అడగమని చెప్పాలి. రిపోర్టు వచ్చాక అంకె నాకు చదివి చెప్పమంటాను, బాగుందో లేదో కాదు.